రూట్ కెనాల్ చికిత్సలో మొండి బాక్టీరియా: ఎంటరోకాకస్ ఫీకాలిస్‌పై పునరాలోచన

రూట్ కెనాల్ చికిత్స పూర్తయిన కొన్నేళ్ళకు అదే పంటి వేరుకొసన మళ్ళీ చీము పట్టడం దంతవైద్యులకు కొత్త కాదు. అటువంటి పళ్ళను తిరిగి తెరచి, వేరునాళంలోని నమూనాలను ప్రయోగశాలలో వర్ధనం చేసినప్పుడు తరచుగా కనిపించినది ఎంటరోకాకస్ ఫీకాలిస్. 1998లో సుండ్‌క్విస్ట్ బృందం, మొలాండర్ బృందం వేర్వేరుగా ప్రచురించిన అధ్యయనాల తరువాత చికిత్సా వైఫల్యానికి దీనినే ప్రధాన దోషిగా చూడడం పరిపాటి అయింది.

ఈ బాక్టీరియా మొండితనానికి స్పష్టమైన కారణాలున్నాయి. 1920లో హెర్మన్ ప్రవేశపెట్టిన కాల్షియం హైడ్రాక్సైడ్ నేటికీ రెండు సందర్శనల మధ్య నాళంలో ఉంచే ప్రధాన ఔషధం. దాని పీహెచ్ సుమారు 12.5, చాలా సూక్ష్మజీవులు ఆ క్షారతను తట్టుకోలేవు. అయితే డెంటిన్ ఆ క్షారతను కొంత తటస్థీకరిస్తుంది కనుక, లోపలి సూక్ష్మనాళికలకు చేరేసరికి పీహెచ్ తగ్గిపోతుంది. ఎంటరోకాకస్ తన కణత్వచంలోని ప్రోటాన్ పంపుతో ప్రోటాన్లను లోనికి తెచ్చుకొని కణద్రవ్యపు పీహెచ్‌ను అదుపులో ఉంచుకుంటుంది. ప్రయోగశాలలో ఆ పంపును నిరోధించినప్పుడు క్షారంలో దాని మనుగడ బాగా పడిపోయింది. పైగా అది దీర్ఘకాలం పస్తులుండగలదు. దాని వ్యాసం మైక్రోమీటరుకు మించదు కాబట్టి, దంతమజ్జ వైపున సుమారు 2.5 మైక్రోమీటర్ల వెడల్పుండే డెంటిన్ నాళికల్లోకి సులువుగా చొరబడుతుంది.

ఔషధబలం ఒక్కటే సమస్య కాదు. 2001లో పీటర్స్ బృందం మైక్రో సీటీ చిత్రాల ద్వారా చూపినదేమిటంటే, ఏ పరికరం వాడినా నాళపు గోడల్లో 35 శాతమో అంతకు మించో తాకబడకుండానే మిగిలిపోతుంది. అక్కడికి ద్రవమే చేరాలి. మృతకణజాలాన్ని కరిగించగల సోడియం హైపోక్లోరైట్‌కు అందుకే ప్రాధాన్యం. సేంద్రియ పదార్థాన్ని తాకగానే దాని క్లోరిన్ ఖర్చవుతుంది. గాఢతతో పాటు మళ్ళీ మళ్ళీ తాజా ద్రవం అందించడమూ ముఖ్యమే. అది వేరుకొస దాటి కణజాలంలోకి చిమ్మితే తీవ్రమైన నొప్పి, వాపు తప్పవు. పరికరాల రాపిడికి గోడలపై ఏర్పడే మడ్డిపొరను 17 శాతం ఇడిటిఎ తొలగిస్తుంది. క్లోర్‌హెక్సిడిన్‌కు కణజాలాన్ని కరిగించే శక్తి లేదు. హైపోక్లోరైట్‌తో కలిస్తే గోధుమరంగు అవక్షేపం ఏర్పడి నాళికల ముఖాలను మూసివేయవచ్చు.

ఇంతకీ ఎంటరోకాకస్ ఒక్కటే దోషియా? వర్ధన పద్ధతి సులువుగా పెరిగే జీవులకే అనుకూలం. తరువాతి డీఎన్ఏ అధ్యయనాలు విఫలమైన పళ్ళలో అనేక జాతులు కలసి, తాము స్రవించిన జిగురులో గుంపుగా అంటిపెట్టుకొని బయోఫిల్మ్‌గా జీవిస్తున్నాయని చూపాయి. కొన్ని నమూనాల్లో ఎంటరోకాకస్ అసలు లేదు, కొన్నింటిలో స్వల్పం. తాత్కాలిక పూరకం అంచు నుంచి లాలాజలం కారినప్పుడు అది తరువాత ప్రవేశించి ఉండవచ్చన్న వాదన కూడా తోసిపుచ్చదగినది కాదు.

అయినా ప్రయోగశాలల అలవాటు పెద్దగా మారలేదు. భారతీయ దంతవైద్య కళాశాలల్లో త్రిఫల, వేప వంటి మూలికాసారాలపై జరిగిన పరీక్షలతో సహా, అనేక కొత్త ద్రావణాలను ఊడబెరికిన పళ్ళలో పెంచిన ఎంటరోకాకస్ పైనే పరీక్షిస్తున్నారు. ఆ ఒక్క జాతి నశించినంత మాత్రాన, రోగి నోటిలో ఏళ్ళ తరబడి పాతుకుపోయిన మిశ్రమ బయోఫిల్మ్ కూడా నశిస్తుందని చెప్పడానికి ఆ ఫలితాలు చాలవు.