లెక్కలు నేర్పువారికి నేర్పువారెవరు?

నూటయైదు వ్రాయుమనిన రెండవ తరగతి బాలుడు 1005 అని వ్రాయును. ఉపాధ్యాయుడు తప్పని కొట్టివేసి ముందునకు సాగును. ఆ బాలుడు మందమతి కాడు. నూరు వ్రాసి దాని ప్రక్కన అయిదు నుంచినాడు, విన్నది విన్నట్లే వ్రాసినాడు. స్థానవిలువ యొక్కటియే వానికింకను బోధపడలేదు. ఇట్టి తప్పును చదువగలుగుటయే గణితోపాధ్యాయుని ముఖ్యవిద్య యని మా యభిప్రాయము.

2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయుడును ఏటేట కనీసము 50 గంటలు వృత్తిశిక్షణ పొందవలెనన్నది. 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్, మూడవ తరగతి ముగించు ప్రతి బిడ్డకును చదువు, లెక్క పట్టుబడుటకు 2026-27 వరకు గడువు పెట్టినది. గడువు పెట్టుట సులభమే! ఉపన్యాసము విని, హాజరుపట్టీలో సంతకము చేసి వచ్చినవారికి ఆ 1005 మర్మము తెలియునా?

ఇందుకు మన భాషయే తోడ్పడును. పదమూడనునపుడు పది ముందు, మూడు వెనుక. అంకెలును ఆ వరుసనే నిలుచును. ఇంగ్లీషు థర్టీనులో మూడే ముందు వచ్చును. ఈనెపుల్లలను పదేసి కట్టలు గట్టించి ఈ వరుసను చూపవచ్చును. ఈ సంగతి శిక్షణలో చెప్పవలదా?

పాఠ్యప్రణాళిక సంగతి మరింత విచారకరము. ఈ నెల కూడిక, వచ్చు నెల తీసివేత యని పట్టిక పైనుండి దిగును. పిల్లలు స్థానవిలువకడనే నిలిచియుండగా అప్పు తెచ్చి తీసివేయుట నేర్పుటెట్లు? ఆగవలసినచోట ఆగు నధికారమును, ఎచ్చట ఆగవలెనో యెరిగెడి జ్ఞానమును ఉపాధ్యాయునకు కావలెను. స్కూలు కాంప్లెక్సు సమావేశములలో పిల్లల పుస్తకములనే ముందిడుకొని చర్చించుటకు ఆ గంటలలో సగమైనను విడువవలెను. ఆ దినములందు వారిని నివేదికలు నింపుటకు పిలువరాదు.