కెమెరాలో ఫోకస్: ఆటో మంచిదా, చేత్తో తిప్పడం మంచిదా?



మన సైన్సు మేడం గారి చిన్న కెమెరా మీరందరూ చూసే ఉంటారు. అది సోనీ ఆల్ఫా 6000, 2014లో వచ్చిన మోడల్. దీన్ని మిర్రర్‌లెస్ అంటారు. మిర్రర్ అంటే అద్దం. పెద్ద కెమెరాల్లో లెన్సు వెనక ఒక అద్దం వాలుగా ఉండి వెలుతురును పైకి, మన కంటికి పంపుద్ది. ఇందులో ఆ అద్దం లేదు. వెలుతురు నేరుగా సెన్సార్ అనే పలక మీద పడుద్ది, అక్కడ పడిందే మనకు తెర మీద కనిపిస్తది. 2008లో పానాసోనిక్ వాళ్లు జి1 అనే కెమెరా తెచ్చాక ఇలాంటివి ఎక్కువైనాయి.

"ఆటో ఫోకస్ ఉండగా చేత్తో తిప్పే పని ఏముంది?" అని టెన్త్ అక్కలు అడిగారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

అసలు ఫోకస్ అంటే ఏమిటో ల్యాబ్‌లో భూతద్దంతో మీరే చూడొచ్చు. కిటికీకి ఎదురు గోడ దగ్గర భూతద్దం పట్టుకోండి. గోడ మీద కిటికీ బొమ్మ తలకిందులుగా పడుద్ది. భూతద్దం కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి జరపండి. ఒక్క చోట మాత్రమే ఊచలు గీసినట్టు కనిపిస్తాయి. బయట ఉన్న చెట్టు కావాలంటే భూతద్దం గోడకు ఇంకాస్త దగ్గరగా జరపాలి, అప్పుడు ఊచలు మసకైపోతాయి. కెమెరాలో గోడ బదులు సెన్సార్ ఉంటది. గాజును మోటారు తనంతట జరిపితే ఆటో ఫోకస్. మనం లెన్సు మీది ఉంగరం తిప్పి జరిపిస్తే మాన్యువల్ ఫోకస్.

జరపడం పెద్ద విద్య కాదు. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య. కెమెరాకి అది రెండు రకాలుగా తెలుస్తది. ఒకటి, మనం భూతద్దంతో చేసినట్టే ముందుకి వెనక్కి జరిపి, నలుపు తెలుపుల తేడా ఎక్కడ ఎక్కువ కనబడితే అక్కడ ఆగడం. ఇది నిదానం. రెండోది మన కళ్లలాంటిది. చేతి వేలు ముందు పెట్టుకుని ఒక కన్ను మూసి, మళ్లీ రెండోది మూయండి. వేలు గెంతినట్టు ఉంటది గదా! లెన్సు ఎడమ పక్క నుంచి వచ్చిన వెలుతురు, కుడి పక్క నుంచి వచ్చిన వెలుతురు ఎంత గెంతాయో చూసి, ఎటు జరపాలో ఎంత జరపాలో కెమెరా ఒక్కసారే లెక్క కడుద్ది. ఈ కెమెరా సెన్సార్‌లో అలాంటి చోట్లు 179 ఉన్నాయి. అందుకే సెకనుకి 11 ఫోటోలు తీసేటప్పుడు కూడా పరుగెత్తే మనిషిని వదలదు. స్పోర్ట్స్ డే నాడు ఖోఖో ఫోటోలన్నీ ఆటోలో తీసినవే. ఉంగరం తిప్పేలోపు ఆట అయిపోద్ది.

మరి చేత్తో ఎందుకు? మా ఊరి సంగతి చెప్పాలి. మాది కూనవరం మండలం, శబరి ఒడ్డున. పోలవరం ముంపులో ఉంది, ఊరు వదిలి కాలనీకి పోవాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఇంట్లో నీళ్లు వచ్చి, మా అమ్మ పెళ్లి ఫోటో పెట్టెతో సహా పోయింది. ఇంకోటి లేదు. అందుకే మేడం గారిని అడిగి, ఆమెతోపాటు సెలవుల్లో కెమెరా తీసుకెళ్లాం. ఇల్లు, ఇప్ప చెట్టు, అమ్మమ్మ, అన్నీ తీయాలని. ఊరు ఖాళీ అయ్యాక మళ్లీ తీద్దామంటే కుదరదు.

అమ్మమ్మ వాకిట్లోకి రానంది. వెదురు తడక వెనక చీకట్లో కూర్చుంది. కెమెరా ప్రతిసారీ తడకనే పట్టుకుంది, ఎందుకంటే అది దగ్గరుంది, దాని గీతలు స్పష్టంగా ఉన్నాయి. కెమెరాకి అమ్మమ్మా ఒకటే, తడకా ఒకటే. మా బావ ఫోనులో తీసినవాటిల్లోనూ తడక ఒక్కో పుల్లా లెక్కపెట్టొచ్చు, అమ్మమ్మ మాత్రం పొగలాగుంది. అప్పుడు మేడం గారు ఎఫ్ఎన్ బటన్ నొక్కి ఎంఎఫ్ పెట్టి నా చేతికిచ్చారు. ఉంగరం తిప్పగానే తెర మీద బొమ్మ పెద్దదై, అమ్మమ్మ ముక్కుపుల్ల దగ్గర ఆగేదాకా తిప్పాను. తడక మసకగా కరిగిపోయి అమ్మమ్మ వచ్చింది.

పీకింగ్ అని ఇంకో సౌకర్యం ఉంది. ఫోకస్ అయిన అంచుల మీద ఎర్ర రంగు వేసి చూపిస్తది. పసుపు, తెలుపు కూడా పెట్టుకోవచ్చు. కానీ దాన్నే నమ్మకూడదు. రంగు కొంచెం ముందు వెనకలకు కూడా పడుద్ది. ముఖం తీసేటప్పుడు పెద్దది చేసి కన్ను చూసుకోవాలి. ఇంకోటి, ఈ లెన్సు ఉంగరం ఎంత తిప్పినా ఆగదు, దాని మీద దూరం అంకెలు లేవు. అది మోటారుకి కబురు మాత్రమే పంపుద్ది. కెమెరా ఆపితే లెన్సు లోపలికి ముడుచుకుంటది, మళ్లీ ఫోకస్ చూసుకోవాలి. పూసల దండలాంటివి మరీ దగ్గర పెట్టినా రావు. జూమ్ చేయకుండా ఉంటే 25 సెంటీమీటర్లు, పూర్తిగా జూమ్ చేస్తే 30 దూరం ఉండాలి.

తెల్లారి మంచులో శబరి తీసేటప్పుడు కూడా ఆటో ముందుకి వెనక్కి వెతుక్కుంటానే ఉంది. మంచులో నలుపు తెలుపుల తేడా ఉండదు గదా. సున్నం గోడ ముందు కూడా అంతే. గోడ మీద వరద నీటి చార ఒక్కటే ఉంది. అది అడ్డ గీత. కెమెరాను నిలువుగా తిప్పి పడితే ఆటోలోనే చప్పున పట్టేసింది. సెన్సార్‌లో ఎడమ కుడి తేడా చూసే చోట్లకి నిలువు గీతలు తేలిగ్గా దొరుకుతాయని మేడం గారు చెప్పారు.

నా మటుకు నేను డిఎంఎఫ్ వాడుతున్నాను. బటన్ సగం నొక్కితే ఆటో పట్టుకుంటది, నచ్చకపోతే అలాగే నొక్కి ఉంచి ఉంగరంతో సవరించొచ్చు. కోళ్లకి, పిల్లలకి మాత్రం ఆటోనే.

ఈ ఆదివారం టిఫిన్ అయ్యాక కెమెరా ల్యాబ్‌లో ఉంటది. ముంపు ఊళ్ల పిల్లలు ముందు రండి, ఉంగరం తిప్పడం నేను చూపిస్తాను. చేతులు కడుక్కుని రండి, లెన్సు ముట్టొద్దు.