ఇండక్షన్ పొయ్యికి ఏ పాత్రలు పనికివచ్చును?

పల్లెలయందు సైతము కరెంటు పొయ్యిల వాడుక నానాటికి హెచ్చుచున్నది. అయితే పొయ్యి వెల యొక యెత్తు, దానికి తగిన పాత్రల వెల మరియొక యెత్తు. పొయ్యిని కొని తెచ్చి, చిరకాలముగా వాడుచున్న అన్నపు గిన్నెను దానిపై నుంచి మీట నొక్కినను అది వేడెక్కకపోగా, మోసపోతిమని చింతించువారు కలరు. లోపము పొయ్యిలో లేదు, గిన్నెలో కలదు. ఈ సంగతి ముందుగా నెరిగినచో రెండవసారి సొమ్ము వ్యయపరచు అవస్థ తప్పును. కావున మా సభ్యుల యుపయోగార్థము దీనిని వివరించుచున్నాము.

తక్కిన పొయ్యిలలో మంటగాని, కాగిన తీగగాని పాత్రకు వేడి నిచ్చును. ఇండక్షన్ పొయ్యిలో మంట లేదు. పైనున్న పలక క్రింద రాగితీగ చుట్ట యుండును. అందు విద్యుత్తు సెకనునకు 20,000కు మించిన మారులు దిశ మార్చుచు ప్రవహించి, అయస్కాంతశక్తిని కలిగించును. ఆ శక్తిచే ఇనుపజాతి పాత్ర యడుగున సుడులవంటి విద్యుత్ప్రవాహములు పుట్టి, ఆ యడుగే స్వయముగా వేడెక్కును. 1831లో ఫారడే పండితుడు కనుగొనిన సూత్రమే దీనికి మూలము. మన పొలములకు కరెంటు నిచ్చు ట్రాన్సుఫార్మరును ఆ సూత్రముమీదనే పనిచేయుచున్నది.

అల్యూమినియము, రాగి, ఇత్తడి అయస్కాంతమునకు లొంగవు. విద్యుత్తును సులువుగా పోనిచ్చును. అందుచే వానియందు తగినంత వేడి పుట్టదు. మట్టికుండలోను గాజుపాత్రలోను ఆ ప్రవాహమే కలుగదు. ఇట్టి పాత్రల నుంచినచో పొయ్యి సాధారణముగా తనంతట తానే ఆగిపోవును.

పరీక్ష మిక్కిలి సులభము. చిన్న అయస్కాంతపు ముక్కను వెంట గొనిపోయి, అంగడిలోనే పాత్ర యడుగునకు తాకింపవలెను. గట్టిగా అంటుకొనినచో ఆ పాత్ర పనికివచ్చును, జారిపోయినచో పనికిరాదు. ప్రక్కలకు తాకించి చూచుట చాలదు, అడుగే ముఖ్యము. స్టెయిన్‌లెస్ స్టీలు విషయమున మరింత జాగ్రత్త వలయును. నికెలు కలిసిన మేలురకపు స్టీలు తరచుగా అయస్కాంతమున కంటదు. నికెలు లేని రకము అంటును. కావున తళుకును గాని వెలను గాని చూచి నిర్ణయింపరాదు. అడుగున తీగచుట్ట గుర్తు ముద్రించియున్న పాత్రలు ఈ పొయ్యికై చేసినవే.

లోహము తరువాత ఆకారమును గమనింపవలెను. అడుగు చదునుగా నుండి పలకను అంతట తాకవలెను. గుండ్రని అడుగుగల మూకుడు సామాన్యపు పొయ్యిపై నిలువదు, సరిగా కాగదు. అడుగు వెడల్పు 12 సెంటీమీటర్లకు, అనగా సుమారు అయిదంగుళములకు, తగ్గినచో పలుపొయ్యిలు పాత్రను గుర్తింపవు. పలుచని అడుగు ఒక్కచోటనే మాడును. మధ్య అల్యూమినియమును, వెలుపల అయస్కాంతమున కంటు స్టీలును గల మూడుపొరల అడుగు వేడిని సమముగా వ్యాపింపజేయును. అల్యూమినియపు కుక్కరు కొనువారు, అడుగున స్టీలు బిళ్ల అతికినదానినే కొనవలెను.

పోత ఇనుము దోసెలకు, వేపుళ్లకు శ్రేష్ఠము. కాని చింతపండు పులుసు దానిలో కాచిన ఇనుపవాసన వచ్చును. పలకపై దానిని ఈడ్చిన గీతలు పడును గనుక ఎత్తి పెట్టవలెను. పాత పాత్రల క్రింద నుంచు ఇనుపబిళ్లలు అమ్ముచున్నారు గాని, వానివలన వేడి వృథాయగును, బిళ్లయు మితిమీరి కాగును. వానిని మేము సలహా యీయజాలము.

2000 వాట్ల పొయ్యి పూర్తిబలముతో గంటసేపు పనిచేసిన 2 యూనిట్లు ఖర్చగును. అది సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తును లాగును. కనుక దీపములకు వాడు చిన్న ప్లగ్గు పనికిరాదు. ఎర్తు కనెక్షనుగల 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండితీరవలెను. గుండెకు పేస్‌మేకరు అమర్చబడినవారు ముందుగా వైద్యుని అడుగవలెను.

తుదకు మా సలహా యిది. ఇంటనున్న పాత్రలన్నిటిని మొదట అయస్కాంతముతో పరీక్షింపుడు. చాలనియెడల అన్నమునకు గిన్నె యొకటి, కుక్కరొకటి, చదునైన పెనమొకటి మాత్రము కొనుడు. అంటని ఇత్తడి, రాగి పాత్రలను తొందరపడి పాతసామానులవానికి తూచి యీయకుడు. కరెంటు పోయిననాడు గ్యాసు పొయ్యిపైనను, కట్టెల పొయ్యిపైనను అవియే మనకు అక్కరకు వచ్చును.