వేసవిలో చీమ, విశ్వాసి ఇంటి ఆదాయపు పన్ను



1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఖాజాగూడ, రాయదుర్గం, గచ్చిబౌలి ప్రాంతాలకు మన గ్రామ సంఘాల బిడ్డలనేకులు ఉద్యోగాలకు వచ్చారు. జీతం ఇక్కడ, తల్లిదండ్రులు ఊళ్లో. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆఫీసువారు పన్ను కాగితాలు అడగగానే పరుగులు మొదలవుతాయి. "పాస్టరుగారూ, కానుకల రసీదు కొంచెం ఎక్కువగా రాసివ్వండి" అని అడిగేవారూ ఉంటారు.

సామెతల గ్రంథము 6వ అధ్యాయంలో చీమ వేసవిలోనే ఆహారం సిద్ధపరచుకుంటుంది. మన దేశంలో ఆర్థిక సంవత్సరం కూడా ఏప్రిల్ 1న, ఎండలతోనే మొదలవుతుంది. కనుక పన్ను విషయంలో మెలకువ పడవలసిన కాలం ఇదే.

1. మొదట లెక్క వేయండి. 2025-26 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త విధానంలో జీతగాళ్లకు రూ. 12,75,000 వరకు జీతంపై పన్ను లేదు. ఇందులో రూ. 75,000 ప్రామాణిక తగ్గింపు చేరి ఉంది. ఈ పరిధిలో ఉన్నవారు పన్ను కోసమే పాలసీలు కొని అప్పులపాలు కానక్కరలేదు. పొదుపు మాత్రం మానవద్దు.

2. పాత విధానం ఎంచుకునేవారు పీపీఎఫ్, జీవిత బీమా, ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు, పదేళ్లలోపు ఆడపిల్ల పేర తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతా మొదలైనవన్నీ కలిపి రూ. 1,50,000 వరకు మినహాయింపు పొందవచ్చు. పీపీఎఫ్ సొమ్ము ఏప్రిల్ 5లోగా కడితే ఆ నెల వడ్డీ కూడా వస్తుంది. జూన్‌లో బడి రసీదులు భద్రపరచండి. బడికిచ్చిన డొనేషన్ ఇందులోకి రాదు.

3. సెలవుల ప్రయాణం. జీతంలో ప్రయాణ భత్యం ఉంటే, పాత విధానంలో నాలుగేళ్లకు రెండుసార్లు కుటుంబంతో దేశంలో చేసిన ప్రయాణానికి మినహాయింపు ఉంది. టికెట్లు దాచండి. లాడ్జి, భోజనం ఖర్చులు లెక్కకు రావు.

4. ఊళ్లో అమ్మా నాన్నలు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. బ్యాంకు డిపాజిట్ వడ్డీపై మాత్రం పరిమితి దాటితే బ్యాంకే పన్ను కోస్తుంది. 2025 ఏప్రిల్ నుండి ఆ పరిమితి సంవత్సరానికి రూ. 50,000, అరవై ఏళ్లు నిండినవారికి రూ. 1,00,000. మొత్తం ఆదాయంపై పన్ను పడనివారు ఏప్రిల్‌లోనే బ్యాంకులో డిక్లరేషన్ ఇవ్వాలి. ఖాతాకు పాన్ నంబరు తప్పక జతచేయించండి. ఇప్పటికే కోసి ఉంటే రిటర్ను వేసి తిరిగి పొందవచ్చు. సెలవులకు ఊరికి వెళ్లిన బిడ్డలారా, ఒక పూట వారిని బ్యాంకుకు తీసుకెళ్లండి.

5. గడువు. జీతగాళ్లకు రిటర్ను గడువు సాధారణంగా జూలై 31. అది దాటితే ఆ సంవత్సరానికి పాత విధానం ఎంచుకొనే వీలుండదు, అపరాధ రుసుము కూడా పడవచ్చు.

ఇక కానుకల సంగతి. కేవలం మత సంబంధమైన సంస్థకు ఇచ్చిన దశమభాగానికి పన్ను మినహాయింపు ఉండదు. ప్రభుత్వ అనుమతి పొందిన సేవాసంస్థలకు ఇచ్చినదానికే, అదీ పాత విధానంలోనే ఉంటుంది. నగదుగా ఇస్తే రూ. 2,000 మించితే చెల్లదు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దొంగ మినహాయింపులు చూపించే మధ్యవర్తులపై దేశమంతటా సోదాలు చేసింది. "కమీషన్ ఇవ్వండి, రీఫండు తెప్పిస్తాం" అనేవారిని నమ్మవద్దు. నోటీసు వారికి కాదు, మీ పేర వస్తుంది. పన్ను, వడ్డీ, జరిమానా మీరే కట్టాలి. అన్నిటికంటే, సంఘం పేరిట అబద్ధపు కాగితం పుట్టడం ప్రభువు నామానికి అవమానం.

చట్టమిచ్చిన మినహాయింపు వాడుకోవడం పాపం కాదు, అది గృహనిర్వాహకత్వమే. చెల్లించవలసింది ఎగగొట్టడం మాత్రం తగదు. ఎవరికి పన్నో వారికి పన్ను చెల్లించమని రోమా 13వ అధ్యాయం మనకు బోధిస్తున్నది.

ఈ వారం ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థన ముగించి, ఒక నోటు పుస్తకం తీసి, భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఆదాయం, కానుక, పొదుపు, పన్ను నాలుగు వరుసల్లో రాసుకోండి. మిగిలిన ప్రతి రూపాయి పిల్లల చదువుకూ, వృద్ధుల మందులకూ, దేవుని పనికీ ఉపయోగపడును గాక. ఆమేన్.