వేగదేవతకు నైవేద్యము

మోటారుసైకిలు ముచ్చట మనకేల యందురేమో. పాత యినుమును ఇంటిపట్టుననే కొత్తగా మలచిన పట్టుదల కథ గనుక వ్రాయుచున్నాను.

న్యూజీలాండు దేశమున ఇన్వర్‌కార్గిల్ పురవాసియగు బర్ట్ మన్రో 1920లో ఇండియన్ స్కౌట్ అను బండిని కొనెను. పేరు ఇండియనే గాని అది అమెరికాలో చేసినది. నాడు దాని వేగము గంటకు 55 మైళ్లు మాత్రమే. ఆతనికి ధనబలము లేదు. అందుచే పాత డబ్బాలను అచ్చులుగా నమర్చి, లోహమును కరగించి, పిస్టనులను తానే పోతపోసికొనెను. 600 సీసీల యంత్రమును క్రమముగా 950 వరకు పెంచెను. విరిగిన భాగములను పారవేయక అరపై వరుసగా పేర్చి, ఇవి వేగదేవతకు నైవేద్యములని వ్రాసిపెట్టెను! ఆయుధపూజ చేయు మనకిది వింత గాదు. సంసారము మాత్రము నిలువలేదు. ఆ యిల్లాలిని నేను తప్పుపట్టజాలను.

1967లో, 68 ఏండ్ల వయస్సున, అమెరికాలోని బోన్‌విల్ ఉప్పుమైదానమున 1000 సీసీల లోపు తరగతిలో గంటకు 183 మైళ్లకు మించిన వేగమును సాధించెను. 1978లో గతించెను. ఆనాటి లెక్కలో పొరపాటున్నదని కుమారుడు కనిపెట్టగా, 2014లో దానిని 184.087గా సవరించిరి. ఉపాధ్యాయుని యింటిదానను గనుక, ఆ లెక్క సరిచూచిన పుత్రునే నేనెక్కువ మెచ్చుకొందును.