వాషింగ్ మెషీన్‌కు నురగ ఎందుకు పడదు?

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ అద్దం తలుపు వెనక నురగ నిండుగా కనిపిస్తే చాలామందికి తృప్తిగా ఉంటుంది. పొడి బాగా పనిచేస్తోందని, బట్టలు తెల్లగా వస్తాయని నమ్మకం. అదే నురగ పొడి వేసే సొరుగులోంచి పొంగి నేలమీదికి వచ్చినా, మెషీన్ మధ్యలో ఆగిపోయి తెరమీద ఏదో కోడ్ చూపించినా యంత్రం చెడిపోయిందని మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. ఆ తృప్తికీ ఈ కంగారుకూ మూలం ఒకటే. చేత్తో ఉతికే రోజుల్లో అలవాటైన కొలతను మనం యంత్రానికి కూడా వర్తింపజేస్తున్నాం. నురగ శుభ్రతకు కొలమానం కాదు. బట్టలుతికే యంత్రం ఎదిగివచ్చిన కథలో నురగను అదుపులో పెట్టే ప్రయత్నానిదే పెద్ద భాగం. ఆ కథ తెలిస్తే పొంగిన నురగను సరిచేసుకోవడం చాలావరకు మన చేతిలోని పనే.

ముందు నురగకూ మురికి వదలడానికీ ఉన్న సంబంధం ఎంతో చూద్దాం. సబ్బు అణువుకు ఒక కొస నీటితో కలుస్తుంది, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. అది నీటి ఉపరితలానికి చేరి తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టే నీరు నూలు పోగుల మధ్యకు చొరబడగలుగుతుంది. నీటి మీద తేలే పలుచని పొర తలతన్యతను ఎలా మారుస్తుందో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఆగ్నెస్ పోకెల్స్ తన ఇంట్లోనే కొలిచి చూసింది. ఆమెకు విశ్వవిద్యాలయ చదువు లేదు. అయినా 1891లో ఆమె భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి రాసిన లేఖ ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. సబ్బు అణువులు ఒక గాఢత దాటితే తలతన్యత ఇక తగ్గదు. అదనంగా వేసిన అణువులు నీటిలో మైసెల్స్ అనే గుంపులు కట్టి, వదిలిన జిడ్డును తమలో దాచుకుంటాయి. ఉన్న మురికికి సరిపడా గుంపులు ఏర్పడ్డాక వేసే పొడి అంతా జాడించి పారబోయాల్సిందే. నురగ వేరే సంగతి. ఇవే అణువులు గాలి బుడగ చుట్టూ పొరలా చేరితే నురగ వస్తుంది. అంటే నురగకు గాలి కావాలి, మురికి వదలడానికి గాలితో పనిలేదు. మన చాకిరేవుల్లో ఇందుకు పాత సాక్ష్యం ఉంది. సోడా క్షారం ఉన్న చౌడు మట్టి నీళ్లలో బట్టలు నానబెట్టి, బానల మీద ఆవిరి పట్టి, బండమీద బాదేవారు. సబ్బు నురగ అవసరం లేకుండానే క్షారం, వేడి, దెబ్బ కలిసి తెల్లపంచెల మురికిని వదలగొట్టాయి.

అయితే నురగ మీద అంత నమ్మకం ఎలా కుదిరింది? సబ్బు వాడకంలోనే దానికి ఆధారం ఉంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, నురగ రాదు, మురికీ సరిగా వదలదు. అక్కడ నురగ లేకపోవడం, సబ్బు పనిచేయకపోవడం రెండూ కలిసే వచ్చేవి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కొవ్వుల కరువు వచ్చినప్పుడు జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు కృత్రిమ డిటర్జెంట్ల వైపు మళ్లారు. అమెరికాలో 1933లో డ్రెఫ్ట్, 1946లో టైడ్ వచ్చాయి. మన దేశంలో 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లో మొదలైన నిర్మా చవక ధరతో సామాన్యుల ఇళ్లకు చేరింది. ఈ పొడులు ఉప్పు నీళ్లలోనూ నురగనిచ్చాయి. తెలుగు ఇళ్లలో బట్టలపొడి ఏదైనా సర్ఫే అయింది. బకెట్ నిండా నురగ వస్తేనే పొడి మంచిదన్న తీర్పు రెండు తరాలకు స్థిరపడింది.

యంత్రం మాత్రం వేరే దారిలో పెరిగింది. 1937లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ ఇళ్ల కోసం ముందు తలుపున్న ఆటోమేటిక్ మెషీన్‌ను తెచ్చింది. నీళ్లు పట్టడం, ఉతకడం, జాడించడం, పిండడం అన్నీ తనంతట తానే చేసే ఆ యంత్రాన్ని అదురు తట్టుకోవడానికి నేలకు బోల్టులతో బిగించాల్సివచ్చేది. అడ్డంగా తిరిగే డ్రమ్ము బట్టలను పైకెత్తి కొద్దిపాటి నీళ్లలోకి పడేస్తుంది. అలా పడడమే బండమీద బాదుడు చేసే పనిని చేస్తుంది. హెంకెల్ కంపెనీకి చెందిన హెర్బర్ట్ సిన్నర్ 1959లో ఉతుకుడును నాలుగు అంశాలుగా విడగొట్టాడు: రసాయనం, వేడి, సమయం, యాంత్రిక బలం. ఒకటి తగ్గితే మిగతావి పెంచుకోవాలి. ఈ నాలుగింటిలో నురగ లేదు. పైగా డ్రమ్ములో నురగ నిండితే పడే బట్టలకు అది పరుపులా అడ్డుపడుతుంది. దెబ్బ తగలదు, యాంత్రిక బలం తగ్గుతుంది. ఎక్కువ పొడి వేసి ఎక్కువ శుభ్రత ఆశించిన ఇంట్లో బట్టలు మసకగా, జిగురుగా రావడానికి కారణమిదే.

నురగ చేసే నష్టం అంతటితో ఆగదు. చాలా మెషీన్లలో నీటి మట్టాన్ని కొలిచేది సన్నని గొట్టంలో చిక్కుకున్న గాలి ఒత్తిడి. నురగ ఆ గొట్టంలోకి చేరితే కొలత తప్పుతుంది. నీళ్లు బయటికి పంపే పంపు నీటిని నెట్టడానికి తయారైనది. నురగ వస్తే గాలి పట్టి ఊరికే తిరుగుతుంది. పిండే సమయంలో డ్రమ్ముకూ బయటి తొట్టికీ మధ్య నురగ ఇరుక్కుంటే డ్రమ్ము వేగం అందుకోలేదు, మోటారు మీద భారం పడుతుంది. అందుకే ఇప్పటి యంత్రాలు నురగను గుర్తించగానే తిరగడం ఆపి, అది దిగేదాకా ఆగి, మరోసారి నీళ్లు పట్టి జాడిస్తాయి. తెరమీద కనిపించే కోడ్ తరచూ ఆ జాగ్రత్తకు గుర్తు. ఎక్కువ పొడి వల్ల నీళ్లు, కరెంటు, సమయం మూడూ వృథా అవుతాయి.

‘మెషీన్ పొడి’ అని వేరే అమ్మడం కంపెనీల వ్యాపార ఎత్తుగడ కాదా అని అడిగేవారున్నారు. ధరలో వ్యాపారం ఉండొచ్చు, తేడా మాత్రం నిజమైనదే. నురగ తగ్గించే డిటర్జెంట్ అవసరాన్ని 1940లలోనే గుర్తించి మాన్‌శాంటో కంపెనీ ‘ఆల్’ అనే పొడిని ఆటోమేటిక్ మెషీన్ల కోసం తయారుచేసింది. విద్యుదావేశం లేని డిటర్జెంట్ అణువులు జిడ్డును బాగా వదలగొడుతూనే తక్కువ నురగనిస్తాయని అది చూపించింది. నురగ లేకుండానే మురికి పోతుందనడానికి ఇది గట్టి రుజువు. తర్వాత సిలికోన్ నూనె, సిలికా రేణువులు కలిపిన నురగ నిరోధకాలు వచ్చాయి. అవి బుడగ పొరలోకి దూరి దాన్ని పగలగొడతాయి. చేత్తో ఉతికే పొడిలో ఈ ఏర్పాటు ఉండదు, కావాలనే నురగ వచ్చేలా చేస్తారు. కాబట్టి అలాంటి పొడిని కాస్త తగ్గించి వేసినా ఫ్రంట్ లోడ్‌లో చిక్కు తప్పదు.

మరో అభ్యంతరం మరింత బలమైనది. బకెట్‌లో మురికి ఎక్కువైతే నురగ చచ్చిపోతుంది, మళ్లీ పొడి వేస్తే లేస్తుంది. అప్పుడు నురగ గుర్తు కాదా? అక్కడ గుర్తే. జిడ్డు బుడగలను కూల్చేస్తుంది కాబట్టి నిలిచిన నురగ పొడి ఇంకా మిగిలుందని చెబుతుంది. కానీ నురగ నిరోధకం ఉన్న పొడితో ఆ గుర్తు పనికిరాదు. టాప్ లోడ్‌లో ఇబ్బంది రావడం లేదే అనవచ్చు. అందులో బట్టలు మునిగేంత నీళ్లుంటాయి, నురగ పైన తేలుతుంది. ఆ సౌకర్యం కొద్ది నీళ్లతో పనిచేసే డ్రమ్ముకు లేదు.

ఇక పొంగినప్పుడు ఏం చేయాలి? మెషీన్ ఆపి నురగ దిగేదాకా వేచి ఉండండి. నీళ్లు తోడేసి, పొడి వేయకుండా చన్నీళ్లతో జాడింపు పెట్టండి. వేడి నీళ్లు నురగను పెంచవచ్చు. కొద్దిగా ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వేస్తే దాని ధనావేశ అణువులు డిటర్జెంట్ రుణావేశ అణువులతో జతకట్టి నురగను అణచుతాయి. తర్వాత కారణం వెతకాలి. చేత్తో ఉతికే పొడి వేశారా? బట్టలు కొన్నే ఉన్నా నిండు మోతాదు వేశారా? బోరు నీళ్లున్న చోటు నుంచి మెత్తని నీళ్లున్న చోటుకు మారారా, అపార్ట్‌మెంట్‌లో నీటిని మెత్తబరిచే ప్లాంటు పెట్టారా? మెత్తని నీళ్లలో పాత మోతాదు ఎక్కువైపోతుంది. ఇవేవీ కాకపోతే బట్టలు లేకుండా, పొడి లేకుండా ఒకసారి తిప్పి చూడండి. అప్పుడూ నురగ వస్తే డ్రమ్ములో, సొరుగులో పాత పొడి పేరుకుందని అర్థం. నురగ రావడం ఆగేదాకా ఖాళీగా తిప్పి, సొరుగు కడగండి. ప్లగ్గు తీసి, లోపలి నీళ్లు చల్లారాకే పంపు ఫిల్టర్ శుభ్రం చేయండి. సరైన పొడి, సరైన మోతాదు వేసినా పొంగుతుంటేనే మెకానిక్‌ను పిలవాలి.

ఇది ఒక ఇంటికి పరిమితమైన విషయం కూడా కాదు. 1950లలో తేలిగ్గా కుళ్లని డిటర్జెంట్ల వల్ల యూరప్, అమెరికా నదులు నురగ కట్టాయి. జర్మనీ 1961లో చట్టం చేసి త్వరగా కుళ్లే రకాలను తప్పనిసరి చేసింది. మన దగ్గర శుద్ధి కాని మురుగు చేరిన బెంగళూరు బెళ్ళందూరు చెరువులో, హైదరాబాద్ ధరణీనగర్ నాలాలో వీధుల్లోకి ఎగిరే నురగను చూశాం. ఆ మురుగును శుద్ధి చేయడం ప్రభుత్వాల బాధ్యత. అవసరానికి మించి పొడి వేయకపోవడం మన బాధ్యత. ఈసారి ఉతికేటప్పుడు ప్యాకెట్ మీది మోతాదు చదివి, బట్టల బరువునూ నీటినీ చూసి, చెంచాతో కొలిచి వేయండి. అద్దం వెనక నురగ కొద్దిగానే కనిపించినా మెషీన్ తన పని తాను చేస్తోందని నమ్మవచ్చు.