నడచువాని గుండెను చదువు యంత్రము

మణికట్టుపై వ్రేళ్లుంచి నాడిని లెక్కించుట మీరెరిగినదే. నిమిషమునకు 72 సార్లు కొట్టుకొను గుండె ఒక దినములో లక్షకు మించి కొట్టుకొనును. ఆసుపత్రిలో పరుండబెట్టి తీయు ఇ.సి.జి. సాధారణముగా పది సెకండ్ల కథను మాత్రమే చెప్పును. నీరు తోడునపుడో, మెట్లెక్కునపుడో పుట్టిన దడ వైద్యుని యెదుటికి పోవునప్పటికి అణగినచో కాగితమున దోషము కానరాదు. అంతట, రోగి చెప్పినది ఉత్త భయమని యింటివారు త్రోసిపుచ్చుటయు కలదు. ఈ చిక్కును తీర్చునవే దేహమున ధరించు సెన్సరులు.

గుండె ముడుచుకొనుటకు ముందు దాని కండరములో స్వల్ప విద్యుత్తు ప్రసరించును. చర్మముపై అది సుమారు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటు బ్యాటరీ వోల్టేజిలో 1,500వ వంతు. దీనిని చక్కగా లిఖించు సాధనమును నిర్మించిన డచ్చి శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్ 1924లో నోబెల్ బహుమానమందెను. ఆనాడు రోగి చేతులను, కాలిని ఉప్పునీటి పాత్రలలో నుంచి కదలక కూర్చుండవలసి యుండెను. పిమ్మట అమెరికాలోని హెలెనా పట్టణవాసి నార్మన్ హోల్టర్, సుమారు 38 కిలోల రేడియో పరికరమును వీపున కట్టుకొని, కదలు మనిషి గుండెరేఖను గ్రహింపవచ్చునని చూపెను. 1961లో తన పద్ధతిని ‘సైన్స్’ పత్రికలో వివరించెను. నేటి ‘హోల్టర్’ యంత్రము అరచేతిలో ఇముడును; ఎదపై అంటించిన ఎలక్ట్రోడుల ద్వారా 24 గంటలు, అవసరమైనచో అంతకు మించియు, ప్రతి స్పందనమును వ్రాసికొనును.

దీనికి ప్రబల శత్రువు కదలికయే. చేయి ఊపినపుడు ఇతర కండరములును విద్యుత్తును పుట్టించును. చర్మము సాగి ఎలక్ట్రోడు జరుగును. పెండ్లిమేళము నడుమ గుసగుసను వినుట యెట్టిదో ఇదియు నట్టిదే. అందుచేతనే చర్మమును శుభ్రపరచి ఎలక్ట్రోడులను గట్టిగా అంటింతురు. కొన్ని పరికరములలో కదలికను కొలుచు వేరొక సెన్సరు ఉండును. ఆ రెంటిని పోల్చి, గుండెది కాని అలజడిని కొంతవరకు తీసివేయుదురు.

చేతిగడియారములలో పెక్కింటిది వేరు మార్గము. అవి చర్మముపై పచ్చని కాంతిని ప్రసరింపజేయును. నాడి కొట్టినపుడెల్ల అచట రక్తము పెరిగి, కాంతిని ఎక్కువగా పీల్చుకొనును. ఆ హెచ్చుతగ్గులే లెక్కకు ఆధారము. పరుగులో ఈ లెక్క తప్పవచ్చును. గుండెపోటును గడియారము పసికట్టలేదు. ఎదలో నొప్పి కలిగినచో గడియారమును చూచుచు కూర్చుండక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

మేము తెలుగు బోధించువారమే గాని వైద్యులము కాము. అయినను ఒక్క మాట చెప్పగలము. హోల్టర్ ధరించినవారు ఏ వేళ ఏ పని చేసిరో, ఏమి తోచెనో చీటీపై వ్రాయవలెను. ఆ చీటీ లేనిచో రేఖలోని మార్పునకును రోగి బాధకును గల సంబంధము తెలియుట కష్టము. ‘గుండె ఝల్లుమన్నది’, ‘కండ్లు తిరిగినవి’ అను అమ్మమ్మ మాటలు కన్నడములోనికి మారునపుడు ఉత్త ‘నీరసము’గా మిగులరాదు. విద్యార్థులారా! ఆమె చెప్పినది చెప్పినట్లు తెలుగున వ్రాసికొని, వైద్యునికి కన్నడములో విప్పి చెప్పుడు. రెండు భాషలు నేర్చిన మీకు ఇంతకంటె మంచి పరీక్ష వేరొకటి లేదు.